సముద్రం దాటిన ఆవకాయకు ఏమవుతుంది?

ద్వీపాల్లో స్థిరపడిన తెలుగువాళ్ళను కదిపితే ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. "ఊరి నుంచి తెచ్చిన కారమే వేశాం. ఊరి నుంచి తెచ్చిన నూనే పోశాం. అమ్మ చెప్పిన కొలతలే వాడాం. అయినా ఆ రుచి ఎందుకు రాలేదు?" అండమాన్‌లో ఉన్నవాళ్ళూ ఈ మాటే అంటారు, సింగపూర్‌లో ఉద్యోగం చేసుకునేవాళ్ళూ ఇదే మాట అంటారు. వినేవాళ్ళు మామూలుగా రెండు జవాబులు చెబుతారు. ఒకటి, అది అమ్మ చేతి మహిమ అని. రెండోది, అంతా బెంగ, మనసు కుదుటపడితే అదే సర్దుకుంటుందని.

రెండింటిలోనూ నిజముంది. కానీ అసలు కథ అంతకంటే పెద్దది. ఇంటి రుచి రాకపోవడానికి సగం కారణాలు మన తలలో ఉంటే, తక్కిన సగం ద్వీపపు గాలిలో, నేలలో, నీళ్ళలో ఉన్నాయి. వాటిని కొలవవచ్చు, అర్థం చేసుకోవచ్చు, కొన్నింటిని సరిదిద్దుకోవచ్చు కూడా. ఈ అధ్యాయంలో ఆ కారణాలను ఒక్కొక్కటిగా చూద్దాం. ఉదాహరణకు అండమాన్ దీవులను తీసుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మందికి మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత అక్కడ పెద్ద భాష మనదే. ఈ కుటుంబాల్లో చాలా మటుకు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకూ కూలిపనులకూ వెళ్ళి అక్కడే ఉండిపోయినవి. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 1,200 కిలోమీటర్లు, ఓడలో రెండు రోజులకు పైనే పడుతుంది. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురం అని మార్చారు. అంత దూరం వెళ్ళిన ఆవకాయ జాడీకి ఏమవుతుందో తెలుసుకోవాలంటే ముందు రుచి అంటే ఏమిటో తెలియాలి.

నాలుకకు తెలిసింది కొంతే

ఒక చిన్న పరీక్ష చెయ్యండి. రెండు వేళ్ళతో ముక్కు గట్టిగా మూసుకుని, ఆవకాయ కలిపిన అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమలండి. ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, నాలుక మండుతుంది. అంతే. అది మామిడికాయో చింతకాయో చెప్పడం కష్టం. ఆవపిండి ఉందో లేదో తెలియదు. మెంతి జాడే ఉండదు. ఇప్పుడు ముద్ద మింగకుండానే ముక్కు వదలండి. ఒక్క క్షణంలో ఆవకాయ ఆవకాయగా తిరిగి వస్తుంది.

నాలుక గుర్తుపట్టే మూల రుచులు ఐదు: తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి. ఈ ఐదోదాన్ని 1908లో కికునాయె ఇకెడా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచుతో కాచిన చారులో గుర్తించాడు. ఎండురొయ్యల్లో, పండిన టమాటాలో, ఉడికిన మాంసంలో మనం కమ్మదనం అనుకునేది చాలావరకు ఇదే. మన షడ్రుచుల్లో చేరిన కారం మాత్రం శాస్త్రం లెక్కలో రుచి కాదు. మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం, ఒంటికి వేడి తగిలిందని చెప్పే నరాల గ్రాహకాన్ని మీటుతుంది. ఆ గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కారం తిన్నప్పుడు నోరు కాలినట్టు అనిపించడం అందుకే. మెదడుకు అందే కబురు నిజంగానే వేడి కబురు.

మరి మిగతాదంతా ఎక్కడిది? ముక్కుది. నమిలేటప్పుడు తిండిలోని వాసన పదార్థాలు గొంతు వెనక నుంచి పైకి లేచి, లోపలి వైపు నుంచి ముక్కుకు చేరతాయి. దీన్ని వెనకదారి వాసన అందాం. శాస్త్రవేత్తలు రెట్రోనేసల్ ఆల్ఫాక్షన్ అంటారు. నోట్లో ఉన్న వస్తువు వాసనే కాబట్టి మెదడు దాన్ని నోటికే అంటగడుతుంది. మనం నాలుకతో రుచి చూశామనుకుంటాం.

ముక్కు పని చేసే తీరు తెలిస్తే ఇంటి రుచి ఎందుకంత సున్నితమో అర్థమవుతుంది. మన ముక్కులో సుమారు 400 రకాల వాసన గ్రాహకాలు ఉన్నాయి. ఈ గ్రాహకాలను తయారుచేసే జన్యువుల కుటుంబాన్ని 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ కనిపెట్టారు. 2004లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. ఒక్కో వాసన పదార్థం కొన్ని గ్రాహకాలను మీటుతుంది, ఒక్కో గ్రాహకం అనేక పదార్థాలకు స్పందిస్తుంది. కాబట్టి ముక్కును 400 మెట్ల హార్మోనియం అనుకోండి. ఒక్కో వంటకం ఆ మెట్ల మీద ఒకేసారి నొక్కిన ఒక స్వరగుచ్ఛం. ఆవకాయకు ఒక గుచ్ఛం, గోంగూరకు ఒకటి, ఎండుచేపల పులుసుకు మరొకటి.

ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఎలుకల మీద చేసి 2008లో ప్రచురించిన ప్రయోగాల్లో, పది వాసనలు కలిపిన మిశ్రమాన్ని వాటికి అలవాటు చేసి, తర్వాత అందులోంచి ఒకటి తీసేసి పెట్టారు. ఎలుకలు దాన్ని పాత వాసనగానే గుర్తించాయి. తీసేసిన దాని స్థానంలో కొత్త వాసన ఒకటి చేర్చి పెడితే మాత్రం వేరే వాసనగా గుర్తించాయి. హార్మోనియం మీద ఒక మెట్టు పలకకపోయినా పాట పాటే. ఒక తప్పు మెట్టు నొక్కితే మాత్రం చెవికి వెంటనే తెలిసిపోతుంది. వంటింట్లోనూ మనకు ఎదురయ్యేది దాదాపు ఇదే. ఇంగువ లేని చారును చారుగానే తాగేస్తాం. పప్పునూనె దొరకలేదని కొబ్బరినూనెతో ఆవకాయ పెడితే మొదటి ముద్దకే "ఇది మనది కాదు" అనిపిస్తుంది. ద్వీపంలో వంటవాళ్ళకు ఎదురయ్యే చిక్కు చాలాసార్లు ఇలాంటిదే. వస్తువు లేకపోవడం కంటే, దాని బదులు వేసిన వస్తువే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ముక్కు నుంచి జ్ఞాపకానికి దగ్గర దారి

చూపు, వినికిడి, స్పర్శ కబుర్లు మెదడు పైపొరకు చేరేముందు థాలమస్ అనే నడిమి కూడలి గుండా పోతాయి. వాసన దారి వేరు. ముక్కు వెనక ఉన్న ఘ్రాణ గుబ్బ నుంచి కబురు ఆ కూడలిలో ఆగకుండా వాసన వల్కలానికీ, భావోద్వేగాలతో సంబంధం ఉన్న అమిగ్డలాకూ చేరుతుంది. జ్ఞాపకాలను అల్లే హిపోక్యాంపస్ అక్కడికి బాగా దగ్గర. ఏదో వీధిలో పోతుంటే ఎవరింట్లోనో వేసిన ఇంగువ పోపు వాసన తగిలి, కారణం తెలియకుండానే గొంతు పూడుకుపోవడం వెనక ఉన్నది ఈ దగ్గర దారే.

ఈ జ్ఞాపకాలకు ఇంకో లక్షణం ఉంది. పెద్దవాళ్ళకు పాత ఫోటోలో మాటలో గుర్తు చేసే సంగతులు ఎక్కువగా పది దాటిన వయసువి, ఇరవైల్లోవి. వాసనలు లేపే జ్ఞాపకాలు మాత్రం ఎక్కువగా పదేళ్ళలోపు బాల్యానివని పరిశోధనలు చెబుతున్నాయి. ముక్కు పాఠాలు అంత చిన్నప్పుడే మొదలవుతాయి.

నిజానికి అంతకంటే ముందే మొదలవుతాయి. ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థలో జూలీ మెనెల్లా బృందం 2001లో ఒక అధ్యయనం ప్రచురించింది. కొందరు తల్లులు కడుపుతో ఉన్న చివరి నెలల్లో క్యారెట్ రసం తాగారు. కొందరు పాలిచ్చే రోజుల్లో తాగారు. కొందరు మంచినీళ్ళే తాగారు. తర్వాత ఆ పిల్లలకు క్యారెట్ రుచి కలిపిన మొదటి తిండి పెట్టారు. తల్లి ద్వారా క్యారెట్ పరిచయమైన పిల్లలు మిగతావాళ్ళంత మొహం చిట్లించలేదు. తల్లి తిన్న తిండి వాసన ఉమ్మనీటిలోకీ పాలలోకీ చేరుతుంది. అంటే గోంగూర తినే ఇంట్లో పుట్టిన బిడ్డకు అన్నప్రాశనకు ముందే ఆ ఇంటి రుచి కొంత తెలుసు.

దీని నుంచి తేలే సంగతి ఒకటుంది. ఇంటి రుచి అంటే మన మెదడు ఎదిగే వయసులో దానికి అందిన రుచి. ఊరు విడిచి వెళ్ళిన తండ్రికి శ్రీకాకుళం ఇంటి రుచి అయితే, అండమాన్‌లో పుట్టిన కూతురికి అండమానే ఇంటి రుచి. తండ్రికి లోటుగా అనిపించే పులుసు కూతురికి సంపూర్ణంగా అనిపిస్తుంది. ఇద్దరి నాలుకలూ సరైనవే.

ఎండ ఒకటే, గాలి వేరు

ఇక తల బయటి కారణాలకు వద్దాం. మన తెలుగు వంటిల్లు చాలావరకు ఎండ మీద ఆధారపడింది. ఎండుమిరపకాయలు, వడియాలు, అప్పడాలు, ఊరమిరపకాయలు, వరుగులు, మాగాయ, ఎండుచేపలు: వీటన్నిటికీ పొయ్యి కంటే ముందు కావలసింది వేసవి. రెంటచింతల వంటి చోట మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిని మనం తిట్టుకుంటాం గానీ మన కారానికి ఆ నిలవా ఆ రంగూ దాని దయే.

ద్వీపం చుట్టూ సముద్రం ఉంటుంది. నీళ్ళు వేడెక్కడం ఆలస్యం, చల్లారడమూ ఆలస్యం. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి పట్టే వేడితో దాదాపు ఐదు కిలోల పొడి ఇసుకను ఒక డిగ్రీ వేడి చెయ్యవచ్చు. అందుకే పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాది పొడవునా ఉష్ణోగ్రత ఎక్కువగా 23 నుంచి 32 డిగ్రీల మధ్యే తిరుగుతుంది. వాన ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు. గాలిలో తేమ తరచుగా 80 శాతం.

ఈ తేడా వడియానికి ఏం చేస్తుందో లెక్క వేద్దాం. వేడి గాలి ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. 40 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా సుమారు 51 గ్రాముల ఆవిరిని మోస్తుంది. తేమ 30 శాతం అనుకుంటే అప్పటికే అందులో 15 గ్రాములు ఉన్నట్టు, ఇంకా 36 గ్రాములకు చోటున్నట్టు. 30 డిగ్రీల దగ్గర గాలి గరిష్ఠంగా మోసేది 30 గ్రాములు. తేమ 80 శాతమైతే 24 గ్రాములు అప్పటికే నిండి ఉన్నాయి, మిగిలిన చోటు 6 గ్రాములే. ఒకచోట 36, ఇంకోచోట 6. పల్నాడు డాబా మీద రెండు రోజుల్లో గలగలలాడే వడియం ద్వీపంలో వారం గడిచినా మెత్తగా ఉండటానికి కారణం ఇదే.

అక్కడితో అయిపోలేదు. ఆరుబయట వదిలిన ఏ తిండిపదార్థమైనా చివరకు చుట్టూ ఉన్న గాలితో సమానమైన తడికి వచ్చి ఆగుతుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే, నీడలో ఎన్నాళ్ళు ఆరబెట్టినా అంతకంటే పొడిగా కాదు. ఎండ తగిలినంతసేపు వడియం గాలికంటే వేడెక్కి కాస్త ఆరుతుంది. రాత్రి మళ్ళీ తేమ పీల్చుకుంటుంది. మిరపకాయలు ఇలా సగం ఎండి ఆగిపోతే బూజు పడుతుంది. కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని కూడా తయారుచేస్తాయి. అది కాలేయానికి హాని చేస్తుంది, వంట వేడికి పూర్తిగా పోదు. కాబట్టి బూజు పట్టిన ఎండుమిర్చిని తుడిచి వాడుకోవడం మంచిది కాదు.

మన తీరప్రాంతంలోనూ గాలి తేమే కదా అని సముద్రం పక్కన పెరిగినవాళ్ళు అడగవచ్చు. నిజమే. శ్రీకాకుళం పల్లెల్లో ఎండుచేపలకు ఆ ఇబ్బంది తెలుసు. కానీ అక్కడ వాన లేని నెలలు చాలా ఉన్నాయి. పైగా మిరపకాయలు గుంటూరు, ఖమ్మం లాంటి పొడి ఎండలు కాసే సీమల నుంచి సంతకు వచ్చేస్తాయి. అండమాన్‌లో వానలు దాదాపు మే నుంచి డిసెంబర్ దాకా ఉంటాయి. నైరుతి రుతుపవనాలు కేరళను జూన్ మొదట్లో తాకితే అండమాన్ సముద్రానికి మే మూడో వారం ప్రాంతంలోనే చేరతాయి. సరిగ్గా మన ఇళ్ళలో ఆవకాయ పెట్టే రోజులవి. ఇక్కడ ముక్కలు కొట్టి గుడ్డతో తుడిచి ఆరబోసే వేళకు అక్కడ వాన మొదలవుతుంది.

జాడీ మూత తీసినప్పుడు

సరే, ఊళ్ళోనే పెట్టి జాడీ పంపించారనుకుందాం. ఆవకాయను కాపాడేవి మూడు: పులుపు, ఉప్పు, పైన తేలే నూనె. మామిడి పులుపులో చాలా బాక్టీరియా బతకలేవు. ఉప్పు ముక్కల్లోంచి నీటిని లాగి తనతో కట్టి పడేస్తుంది. ఊటలో నీరు కనిపిస్తూనే ఉంటుంది గానీ సూక్ష్మజీవులకు అందదు. తిండిలో సూక్ష్మజీవులకు అందే నీటి పాలును అందుబాటు నీరు అందాం. ఇంగ్లీషులో వాటర్ యాక్టివిటీ అనే ఈ కొలతలో మంచినీరు 1. చాలా బాక్టీరియాలకు 0.91 పైన ఉండాలి, చాలా బూజులకు 0.80 పైన ఉండాలి. ఉప్పు ఇక కరగలేనంత కరిగిన నీటిలో అది 0.75. అందుకే ఉప్పు గట్టిగా పడిన పచ్చడి ఏడాది నిలుస్తుంది.

ఇదే 0.75 అంకె ద్వీపంలో ఎదురు తిరుగుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ గాలిలోంచే నీటిని లాక్కుని తనంతట తాను కరగడం మొదలుపెడుతుంది. సముద్రతీరపు ఇళ్ళలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం మీరు చూసే ఉంటారు. నూనెలో మునగని ముక్కల మీద, జాడీ అంచుకు అంటిన కారం మీద, మూత లోపలి వైపు ఇదే జరుగుతుంది. అక్కడి ఉప్పు గాలి నీటితో పలచబడుతుంది, బూజుకు వీలు దొరుకుతుంది. బూజుకు గాలి కూడా కావాలి కాబట్టి అది మొదట కనిపించేది ఎప్పుడూ పైనే, అంచు చుట్టూ. నూనె ఒక వేలు మందాన పైన నిలిచి ఉన్నంతకాలం తేమా గాలీ రెండూ దానికి అందవు.

దీనికి మందు కూడా ఇక్కడే ఉంది. పెద్ద జాడీని రోజూ తెరవకుండా, వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకోవాలి. తీసిన ప్రతిసారీ లోపలి అంచు పొడిగుడ్డతో తుడిచి, ముక్కల్ని నూనె కిందికి నొక్కాలి. నూనె తగ్గితే మళ్ళీ పోయాలి.

ఇక కారం సంగతి. "కారం మండుతోంది గానీ రుచి లేదు" అని ద్వీపాల్లో తరచుగా అనుకుంటారు. అది అక్షరాలా నిజం. మంట పుట్టించే క్యాప్సైసిన్ తేలికగా ఆవిరి కాదు, చాలాకాలం చెక్కుచెదరకుండా ఉంటుంది. మిరపకు ఆ వాసన ఇచ్చే పదార్థాలు మాత్రం ఎగిరిపోయేవి. పొడి కొట్టిన క్షణం నుంచి అవి పోతూనే ఉంటాయి. ఎర్రరంగు కూడా వెలుతురుకీ గాలికీ వెలుస్తుంది. అంటే ఓడలో వచ్చి, గోదాంలో ఉండి, కొట్లో ఉండి ఇంటికి చేరిన కారంలో మంట మిగిలింది, పరిమళం పోయింది. ఆవపిండి దీనికంటే సున్నితం. ఆవగింజలో ఘాటు ముందుగా ఉండదు. గింజ నలిగి తడి తగిలినప్పుడు అందులోని ఒక ఎంజైమ్ ఘాటును పుట్టిస్తుంది. పొడిగా కొట్టి నిలవ ఉంచితే ఆ శక్తి క్రమంగా తగ్గుతుంది. కాబట్టి ఊరి నుంచి తెప్పించుకునేవాళ్ళు కారం బదులు ఎండుమిరపకాయలూ, ఆవపిండి బదులు ఆవాలూ తెప్పించుకుని, అవసరమైనప్పుడే కొట్టుకుంటే తేడా తెలుస్తుంది. "ఎవరైనా వస్తుంటే కిలో కారం పంపండి వదినా" అనే బదులు కిలో కాయలు అడగండి.

కూరగాయలదీ ఇదే బాధ. వంకాయ, బెండకాయ పది డిగ్రీలకంటే చల్లగా ఉంచితే లోపల దెబ్బతింటాయి, గింజలు నల్లబడతాయి, తొక్క మీద గుంటలు పడతాయి. టమాటాలను చలిపెట్టెలో పెడితే వాసన పదార్థాలు తయారుచేసే జన్యువులు నెమ్మదిస్తాయని, బయటికి తీసి వెచ్చబరిచినా మునుపటి వాసన పూర్తిగా రాదని 2016లో ప్రచురించిన పరిశోధన చూపించింది. దూరం నుంచి చల్లగా వచ్చిన కూరగాయ కంటికి తాజాగానే ఉంటుంది. పులుసులో పడ్డాక అసలు సంగతి బయటపడుతుంది.

నేల, నీళ్ళు, నది

"మరి విత్తనం తెచ్చి ఇక్కడే పండిస్తే?" అనేది తర్వాతి ప్రశ్న. కొన్నింటికి అది చక్కని దారి. కొన్నింటికి కాదు. ఉల్లి, వెల్లుల్లి, ఆవ ఘాటంతా గంధకం ఉన్న పదార్థాల వల్ల వస్తుంది. నేలలో గంధకం తక్కువైతే ఘాటు తగ్గుతుంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పండే విడేలియా ఉల్లి తియ్యగా ఉండటానికి ముఖ్య కారణం అక్కడి నేలలో గంధకం తక్కువ కావడమే. భారీ వానలు గంధకాన్ని నేల లోతుకు కడిగేస్తాయి. జీలకర్ర, ధనియాల పంటలకు చల్లని పొడి శీతాకాలం కావాలి. మామిడి పూతకు కూడా ఏడాదిలో కొంతకాలం చలో, పొడి వాతావరణమో తగలాలి. పూత సమయంలో చెమ్మ ఎక్కువైతే తెగులు సోకి పూత మాడిపోతుంది.

నీళ్ళు కూడా రుచిని మారుస్తాయి. లక్షద్వీప్, కార్ నికోబార్ వంటి పగడపు దీవుల్లో వాన నీరు నేలలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద తేలే పొరగా నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు ఉంటే, కింద సుమారు 40 మీటర్లు ఉంటుందని స్థూలమైన లెక్క. ఆ పొరలోంచి తోడిన నీటిలో పగడపు రాయి నుంచి కరిగిన కాల్షియం ఉంటుంది. కాల్షియం కందిపప్పు కణాల గోడల్లోని పెక్టిన్‌ను బిగించేస్తుంది, పప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. ఇక్కడ పప్పునూ దుకాణదారునూ అనుమానించనక్కర్లేదు. పట్టి ఉంచిన శుభ్రమైన వాన నీటితో ఉడికించి చూడండి. వాన నీటిలో కాల్షియం దాదాపు ఉండదు.

చేపల విషయంలో ద్వీపవాసికి లోటేమిటి, చుట్టూ సముద్రమే కదా అనిపిస్తుంది. అండమాన్‌లో వంజరం, సూర, పీతలు మన ఊళ్ళలోకంటే తాజాగా దొరుకుతాయి. కానీ గోదావరి వాళ్ళకు ప్రాణమైన పులస అక్కడ పుట్టదు. సముద్రంలో తిరిగే ఆ చేప గుడ్లు పెట్టడానికి వరద రోజుల్లో గోదావరిలోకి ఎదురీదుతుంది. ఆ ప్రయాణానికి ముందు ఒంట్లో కొవ్వు పోగుచేసుకుంటుంది. ఆ కొవ్వే దాని రుచి. అంత ప్రయాణానికి పెద్ద నది ఉండాలి. అండమాన్‌లో చెప్పుకోదగ్గ నది ఉత్తర అండమాన్‌లోని కల్పాంగ్, దాని పొడవు సుమారు 35 కిలోమీటర్లే. ఇలాంటి చిన్న ద్వీపాలకు పెద్ద నదులు ఉండవు. పెద్ద నది లేనిచోట పులస ఉండదు.

ద్వీపం ఇచ్చే బదులు

ఇంతవరకు లోట్లే చెప్పుకున్నాం. ఇప్పుడు రెండో వైపు చూద్దాం. వేడి, చెమ్మ రెండూ ఉన్నచోట మన కొత్తిమీర నిలవదు. త్వరగా పూతకు వచ్చి ఆకు తగ్గిపోతుంది. అండమాన్ ఇళ్ళ పెరళ్ళలో దాని పని ఇంకో మొక్క చేస్తుంది. అక్కడ దాన్ని బర్మా ధనియా అంటారు. నేలకు అంటుకుని చుట్టూ పరుచుకునే పొడవాటి ఆకులు, అంచుల వెంట రంపపు పళ్ళు, పూత వేస్తే ముళ్ళు. చూపుకి కొత్తిమీరతో ఏ పోలికా లేదు. ఆకు నలిపి వాసన చూస్తే మాత్రం కొత్తిమీరే, ఇంకాస్త గట్టిగా. రెండింటి వాసనా ఆల్డిహైడ్లు అనే ఒకే రసాయన కుటుంబం వల్ల వస్తుంది. పైగా ఉడికినా ఆ వాసన కొత్తిమీరలా త్వరగా పోదు. ముక్కులో దాదాపు అవే మెట్లు నొక్కుతుంది కాబట్టి పులుసులో వేస్తే మెదడు ఒప్పుకుంటుంది. ఈ మొక్క స్వస్థలం కరీబియన్ దీవులూ ఉష్ణ అమెరికా. మన మిరపకాయ కూడా అమెరికా నుంచే వచ్చింది. పోర్చుగీసువాళ్ళు తేకముందు మన వంటలకు కారం ఎక్కువగా మిరియాల వంటివే ఇచ్చేవి. ఈ రోజు మనం తరతరాల ఇంటి రుచి అనుకునే దానిలోనూ ఒకప్పుడు ఓడ దిగిన కొత్త వస్తువు ఉంది.

గోంగూరదీ మంచి కథే. అది వేడి చెమ్మ వాతావరణంలో హాయిగా పెరుగుతుంది. బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున ఉన్న బర్మాలోనూ దాన్ని మనంత ఇష్టంగా వండుకుంటారు. మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క, జాజికాయ అండమాన్ తోటల్లో పండుతాయి. కొబ్బరి అక్కడ ముఖ్యమైన పంట. ఎండలు కోరే వంటలకు అక్కడ కష్టం గానీ పచ్చిగా, తాజాగా తినే వంటలకు ఆ నేల అనుకూలం. వడియాల పులుసు కుదరని ఇంట్లో పీతల ఇగురు, కొబ్బరి పచ్చడి, గోంగూర పప్పు బ్రహ్మాండంగా కుదురుతాయి.

తరాలు గడిచినా కొంత నిలుస్తుందనడానికి మారిషస్ సాక్ష్యం. 19వ శతాబ్దంలో కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి చెరకు తోటల్లో పనికి వెళ్ళిన తెలుగువాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. ఇంట్లో చాలామంది మాట్లాడేది క్రియోల్ భాష. అయినా ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం. అమ్మోరు పండుగ చేస్తారు, సింహాద్రి అప్పన్నను కొలుస్తారు. పండుగ ఏటా వస్తే ఆ రోజు వంట ఏటా జరుగుతుంది, ఏటా జరిగిన వంట పిల్లల ముక్కుకు చేరుతుంది. రుచి తరం నుంచి తరానికి అందేది ఈ దారినే.

మీ ఇంటి నుంచి ఎవరైనా ద్వీపానికి వెళుతుంటే

ఈ అధ్యాయం సారమంతా నాలుగు మాటల్లో చెబుతాను. పొడులకంటే గింజలూ కాయలూ పంపండి. ఏదైనా దొరకనప్పుడు దాని స్థానంలో వేరే వాసన గట్టిగా ఉన్న వస్తువు వెయ్యవద్దనండి, దొరకనిది లేకుండానే వండుకోమనండి. ఎండ కావలసిన పనులు ఊళ్ళో చేసి, తేమ చొరబడని సీసాల్లో పంపండి. ఆకుకూరలు, కొబ్బరి, చేపలు అక్కడివే వాడుకోమనండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. బతికున్న మొక్కల్నీ, నాటడానికి విత్తనాల్నీ సంచిలో దాచి తీసుకువెళ్ళకండి. ద్వీపాల్లోని చెట్లకూ పంటలకూ బయటి తెగుళ్ళను తట్టుకునే శక్తి చాలాసార్లు ఉండదు. మన కరివేపాకు మొక్క మీద బతికే చిన్న పురుగు నిమ్మ, నారింజ తోటల్ని చంపే గ్రీనింగ్ తెగులును మోసుకుపోతుంది. ఒక్క రెమ్మ కోసం ఒక దీవి రైతుల తోటలు పోవచ్చు. అక్కడి నర్సరీలో కొనండి, లేదా మొక్కల తనిఖీ కార్యాలయంలో అనుమతి తీసుకోండి.

అన్నిటికంటే ముఖ్యంగా, పద్ధతిని రాసుకోండి. "ఉప్పు తగినంత" అని రాస్తే సముద్రం అవతల ఎవరికీ ఉపయోగపడదు. ముక్కలు ఎంత తూగాయో, వాటికి ఉప్పు ఎన్ని గ్రాములు పడిందో, మామిడి ఏ రకమో, ఆరబోసిన రోజు ఎండగా ఉందా మబ్బుగా ఉందా, మూడో రోజు తిరగకలిపినప్పుడు ఊట ఎంత వచ్చిందో, నూనె ముక్కల మీద ఎంత మందాన నిలిచిందో రాయండి. ఈ వేసవిలో మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఆవకాయ పెడుతుంటే పక్కన కూర్చోండి. ఒక నోటుపుస్తకం, ఒక త్రాసు దగ్గర పెట్టుకోండి. వాళ్ళ చెయ్యి వేసిన ప్రతిదాన్నీ జాడీలో పడేముందు తూచండి.